ముప్పై ఒకటో తెర

పుంతా అరేనాస్‌లో గాలి లేచిన రోజు
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు.
మనుషులు వాటిని పట్టుకుని
బ్యాంకుకు వెళ్తారు, రొట్టె కొనుక్కుంటారు,
టోపీ పోయినా తాము పోకుండా ఇల్లు చేరతారు.
తాడు ఎవరు పేనారో, ఏ నారతో పేనారో
ఆ క్షణంలో ఎవరూ అడగరు.

ఈ మాట నెవెంకా మారుసిచ్ నాతో అనలేదు.
రెండు ముక్కల్లో తేలనిదేదీ ఆమె అనదు.
ఓడరేవులో ఆటుపోట్లు లెక్కగట్టే ఆఫీసు,
నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, రెప్పలార్పే కర్సరు.
నేను చేరిన మొదటి రాత్రి
"ఏం కొట్టాలో తోచకపోతే ఆదేశం పేరు రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టు" అని
కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది.

పెట్టాను.
ఐదంటే ఐదే వరసలు.
మొదట ఒక ఉదాహరణ.
దాని కింద, అది ఏం చేస్తుందో.
ఆ కింద, ఏం చెయ్యదో.
ఒక ఖాళీ.
చివర్న: "రాత్రి మూడు దాటితే రేపు చెయ్యి."
నవ్వొచ్చింది. గడియారం చూశాను.
మూడూ పది.

ప్రతి ఉదాహరణలోనూ ఫైలు పేరు ఒక్కటే, శీతాకాలం.
శీతాకాలానికి నకలు తీయడం ఇలా.
శీతాకాలంలో ఒక అంకె వెతకడం ఇలా.
శీతాకాలాన్ని తుడిచెయ్యడం ఇలా, కానీ ముందు ఓసారి చూడు.
ఈ ఊరికి తగ్గ పేరే అనుకున్నాను.
ఎనిమిది నెలలు అలాగే అనుకున్నాను.

చెప్పినవాడు ఎలిసెయో మాన్సిల్యా,
దీవి మీద లైట్‌హౌస్ కాపరి,
రేడియోలో, గరగరల మధ్య.
అప్పటి సహాయం తొంభై తెరల పొడుగు.
ఉపగ్రహం కరుణిస్తే తెరకో నిమిషం.
చేతులకు తొడుగులు,
తొడుగుల్లో వేళ్ళున్నాయో లేవో తెలీని చలి.
నక్షత్రం గుర్తుకు ముందు ఒక ఖాళీ పడింది.
అంతే.
జూన్ నుంచి సెప్టెంబరు దాకా
గంటగంటకూ రాళ్ళ మీదికి దిగి కొలిచిన సముద్రం
రెప్పపాటులో ఇగిరిపోయింది.
"అలా కొట్టొద్దని అందులో ఉంది, తెలుసా?
ముప్పై ఒకటో తెరలో.
నేను పద్నాలుగు దాకా చదివాను."

విచారణ కాగితంలో రాశారు,
సమాచారము అందుబాటులోనే ఉండెను, అని.
అబద్ధం కాదు.
దాహమన్నవాడికి
నూతి అడుగున నీళ్ళున్నాయని చెప్పినంత నిజం.

ఆ ఏడే నెవెంకా కత్తెర పట్టింది.
"సాధారణంగా" పోయింది.
"గమనించగలరు" పోయింది.
రాసినవాడి పాండిత్యం పోగులుపోగులుగా రాలిపోయింది.
కట్టె, కొట్టె, తెచ్చె అన్నంత మిగిలాక కూడా
నమ్మకం చాలక
ఉన్ని తొడుగులు తొడుక్కుని, కిటికీ తెరిచి,
తను రాసింది తనే కొట్టి చూసింది.
వేలు జారిన చోటల్లా ఒక మాట నిలబెట్టింది.
ఏడాదంతా చేసింది ఇంతేనా అని
పైవాళ్ళు కాగితాలు చేత్తో తూచారట.
అవును, అందట.

పోయిన నీళ్ళు తిరిగి రాలేదు.
గోడ మీది పట్టికలో ఆ నాలుగు నెలలూ
ఇప్పటికీ తెల్లగానే ఉంటాయి.
వాటిమీద కాలెండరు తగిలిద్దామంటే
ఆమె ఒప్పుకోదు.

నిన్న ఒక కొత్త ఆదేశానికి
నేను మొదటిసారి ఒక వాక్యం రాశాను.
పదకొండు మాటలు.
వరసగా ఆరు కొట్టేసింది.
ఏడోదాని మీద పెన్సిలు ఆగింది.
బయట ఎవరో మలుపు దగ్గర తాడు బిగిస్తున్నారు,
కొక్కెం ఇనుపస్తంభానికి తగిలి మోగుతోంది.

ఆ మాట "మెల్లగా".

"ఇది ఉండనీ" అంది.